ఇంకా సన్నగా కావాలని ఎవరడిగారు?



ఏటా జూన్, జూలై నెలల్లో జరిగే పేరెంట్ టీచర్ మీటింగుల్లో మార్కుల సంగతి అయిపోయాక తరచూ వినిపించే ప్రశ్న ఒకటుంది. "మేడమ్, పిల్లకి ల్యాప్‌టాప్ కొందామనుకుంటున్నాం. సన్నగా, తేలిగ్గా ఉండేది. ఇప్పుడున్నది తీసుకోమంటారా, కొత్త మోడల్ వచ్చేదాకా ఆగమంటారా?" నేను ఇంగ్లిష్ టీచర్ని, కంప్యూటర్ టీచర్ని కాదు. అయినా నన్నే ఎందుకు అడుగుతారో నాకు తెలుసు. రోజూ బస్సులో ల్యాప్‌టాప్ భుజాన వేసుకుని వస్తాను. స్టాఫ్ రూమ్‌లో ప్లగ్ పాయింట్ ఎక్కడ ఖాళీగా ఉందా అని చూస్తాను. టర్మ్ చివర్లో నాలుగు సెక్షన్లు కలిపి 160 మందికి రిమార్కులు టైపు చేస్తాను. కొనేవాళ్లకు ఏం కావాలో దుకాణంలో కంటే వాడేచోటే బాగా తెలుస్తుంది.

ఈ ప్రశ్నకు నా జవాబు ఒక్కటే: కొత్త మోడల్లో ఏం మారిందో ముందు చూడండి. రూపం మారితే ఆగక్కర్లేదు. రోజువారీ ఇబ్బంది ఏదైనా తీరితే ఆగొచ్చు. ఇది నా సొంత సిద్ధాంతమేమీ కాదు. సన్నని ల్యాప్‌టాప్‌ల చరిత్ర చూస్తే ఎవరికైనా తెలిసే విషయమే. ఇందుకు యాపిల్ వారి మ్యాక్‌బుక్ ఎయిర్‌ని ఉదాహరణగా తీసుకుంటున్నాను. అదే కొనమని కాదు. ఒకే పేరుతో ఇన్నేళ్లుగా వస్తున్న యంత్రం కాబట్టి ఏ మార్పు నిలిచిందో, ఏ మార్పు నిలవలేదో అందులో స్పష్టంగా కనిపిస్తుంది.

2008 జనవరిలో శాన్ ఫ్రాన్సిస్కో వేదిక మీద స్టీవ్ జాబ్స్ ఒక కాగితం కవరులోంచి మొదటి మ్యాక్‌బుక్ ఎయిర్‌ని బయటికి తీశారు. హాలంతా చప్పట్లు. బరువు 1.36 కిలోలు, ధర 1,799 డాలర్లు. సీడీ డ్రైవ్ లేదు, ఇంటర్నెట్ కేబుల్ పెట్టుకునే చోటు లేదు, యూఎస్‌బీ పోర్టు ఒక్కటే. 2010 అక్టోబరులో దాన్ని మార్చి విడుదల చేసినప్పుడు రెండో యూఎస్‌బీ పోర్టు వచ్చింది. 11 అంగుళాల చిన్న మోడల్ ధర 999 డాలర్లకు దిగింది. అప్పటికి గాని చాలామందికి అది అందుబాటులోకి రాలేదు. మరుసటి ఏడాది ఇంటెల్ సంస్థ 'అల్ట్రాబుక్' అనే పేరు పెట్టి మిగతా కంపెనీలన్నిటినీ ఇదే దారిలోకి తెచ్చింది. ఈరోజు మన దుకాణాల్లో వరుసగా పేర్చి ఉండే సన్నని ల్యాప్‌టాప్‌లలో చాలావాటి పుట్టుక అక్కడే.

తర్వాత వచ్చిన మార్పుల్లో రెండింటిని గమనించండి. 2013 జూన్‌లో వచ్చిన ఎయిర్ చూడ్డానికి అంతకుముందు ఏడాది దానిలాగే ఉంది. కానీ కంపెనీ లెక్క ప్రకారం 13 అంగుళాల మోడల్ బ్యాటరీ 7 గంటల నుంచి 12 గంటలకు పెరిగింది. లోపలి ప్రాసెసర్ తక్కువ కరెంటుతో పనిచేయడమే ఇందుకు ముఖ్య కారణం. 2020 నవంబరులో ఎం1 చిప్‌తో వచ్చిన ఎయిర్ కూడా అంతే. పైకి పాత డబ్బానే. లోపల మాత్రం ఫ్యాన్ లేదు, చప్పుడు లేదు, చార్జరు లేకుండా రోజంతా పని నడుస్తుంది. ఆ ఏడాది ఇళ్లలో కూర్చుని ఆన్‌లైన్ క్లాసులు చెప్పినవాళ్లకు, విన్నవాళ్లకు ఈ రెండు మాటల విలువ వేరే చెప్పనక్కర్లేదు. ఎయిర్ చరిత్రలో వాడేవాళ్లు బాగా మెచ్చుకున్న మార్పులివి. రెండుసార్లూ బయటి రూపం దాదాపు మారలేదు.

ఇప్పుడు రెండో వైపు. 2015లో అదే కంపెనీ 12 అంగుళాల మ్యాక్‌బుక్ తెచ్చింది. కిలో కంటే తక్కువ బరువు, 920 గ్రాములు. చార్జింగుకైనా, పెన్‌డ్రైవ్‌కైనా ఒకటే పోర్టు. ఇంకా సన్నగా చేయడం కోసం 'బటర్‌ఫ్లై' అనే కొత్త రకం కీబోర్డు పెట్టారు. కీ లోపలికి దిగే లోతు బాగా తగ్గిపోయింది. కాస్త దుమ్ము పడినా కొన్ని కీలు పడకపోవడం, పడితే అక్షరం రెండుసార్లు రావడం మొదలైంది. 2018లో ఎయిర్‌కి కూడా ఆ రకం కీబోర్డే పెట్టారు. అదే ఏడాది కంపెనీ ఆ కీబోర్డులకు ఉచిత రిపేరు పథకం ప్రకటించాల్సి వచ్చింది. 2019 మార్చిలో వాల్ స్ట్రీట్ జర్నల్ కాలమిస్టు జొయానా స్టెర్న్ ఈ ఇబ్బంది మీద రాసిన వ్యాసంలో ఇంగ్లిష్ అక్షరాలు 'ఈ', 'ఆర్' పడకపోతే ఎలా ఉంటుందో పాఠకులకు అలాగే అచ్చులో చూపించారు. చివరికి 2020 మార్చిలో ఎయిర్‌కి పాత తరహా కీబోర్డు తిరిగొచ్చింది. కొనుగోలుదారులు వేసిన దావాలో 2022లో కంపెనీ తప్పు ఒప్పుకోకుండానే 5 కోట్ల డాలర్లకు రాజీపడింది.

ఇది ఒక్క కంపెనీ సంగతి కాదు. 2014లో లెనోవో తన థింక్‌ప్యాడ్ ఎక్స్1 కార్బన్‌లో పై వరుస ఫంక్షన్ కీలు తీసేసి, వాటి స్థానంలో వేలితో తాకే పట్టీ పెట్టింది. చూపు తిప్పకుండా టైపు చేసేవాళ్లకు ఆ పట్టీ మీద కీ ఎక్కడుందో వేలికి తెలిసేది కాదు. 2015 మోడల్లో మామూలు కీలు మళ్లీ వచ్చాయి.

కీబోర్డు సంగతి నాకు ఎందుకంత పట్టింపో చెబుతాను. నేను వాడే ల్యాప్‌టాప్‌లో కొన్నాళ్లుగా 'ఈ' కీ గట్టిగా నొక్కితే గాని పడదు. ఇంగ్లిష్‌లో అన్నిటికంటే ఎక్కువ వాడే అక్షరం అదే. 'ఎక్సలెంట్' స్పెల్లింగులో అది మూడుసార్లు వస్తుంది. 'నీడ్స్ ఇంప్రూవ్‌మెంట్' అని రాయాలంటే నాలుగుసార్లు నొక్కాలి. రిమార్కులు రాసే వారంలో ఆ ఒక్క కీ నా చేత ఎన్నిసార్లు వెనక్కి వెళ్లి దిద్దించిందో లెక్కలేదు. నా తర్వాతి ల్యాప్‌టాప్‌లో ఏం కావాలని అడిగితే మొదట చెప్పే మాట 'మంచి కీలు'. ఎంత సన్నగా ఉండాలి అన్నది నాకు గుర్తుకు కూడా రాదు.

మరి తేలిగ్గా ఉండాలనుకోవడం తప్పా? కానే కాదు. అయితే తేలిక వేరు, సన్నదనం వేరు. 2020 ఎయిర్ మందం 16.1 మిల్లీమీటర్లు, బరువు 1.29 కిలోలు. 2022లో వచ్చిన ఎం2 ఎయిర్ మందం 11.3 మిల్లీమీటర్లు, బరువు 1.24 కిలోలు. మందం దాదాపు ఐదు మిల్లీమీటర్లు తగ్గితే బరువు తగ్గింది 50 గ్రాములే. మన దేశంలో విడుదల ధర మాత్రం 92,900 రూపాయల నుంచి 1,19,900కి పెరిగింది. ఆ కొత్తదాంట్లో మంచి చిప్పు, మంచి స్క్రీను ఉన్నాయి, కాదనను. అయస్కాంతంతో అతుక్కునే చార్జరు కూడా తిరిగొచ్చింది. వైరు ఎవరి కాలికైనా తగిలితే ఊడి వస్తుంది తప్ప ల్యాప్‌టాప్ కింద పడదు. చిన్నపిల్లలున్న ఇంట్లో అది నిజంగా పనికొచ్చే మార్పు. ఎక్కువ పెట్టే డబ్బు వీటికోసమైతే సరే. పక్కనుంచి చూస్తే సన్నగా కనబడుతుందని మాత్రమే అయితే, పిల్లల భుజానికి ఆ తేడా తెలియదు.

భుజం అన్నాను కాబట్టి ఇంకో లెక్క. 2020 స్కూల్ బ్యాగ్ పాలసీ ప్రకారం బ్యాగు బరువు పిల్లల శరీర బరువులో పది శాతం దాటకూడదు. 45 కిలోల అమ్మాయికి 4.5 కిలోలు. 1.3 కిలోల ల్యాప్‌టాప్ పెడితే అందులో మూడో వంతుకు దగ్గరగా అయిపోతుంది. ఇంకా చార్జరు, పుస్తకాలు, నీళ్ల సీసా, లంచ్ బాక్సు ఉన్నాయి. బ్యాటరీ రోజంతా వస్తే చార్జరు ఇంట్లో పెట్టి రావచ్చు. కాబట్టి బ్యాటరీ గంటలు కూడా బరువు లెక్కలోకే వస్తాయి.

గత ఏడాది మా క్లాసులోని ఒక అబ్బాయి వాళ్లమ్మగారు నాతో మాట్లాడారు. ఆమెకు టైలరింగ్ షాపు ఉంది. పెద్దమ్మాయి బీటెక్‌లో చేరింది. దుకాణంలో రెండు ల్యాప్‌టాప్‌లు చూసి వచ్చారు. ఒకటి అప్పుడే వచ్చిన మోడల్, చాలా సన్నది, ర్యామ్ 8 జీబీ. రెండోది అంతకుముందు ఏడాదిది, కాస్త మందం, ర్యామ్ 16 జీబీ, 14 వేలు తక్కువ. స్నేహితురాళ్లందరి దగ్గరా కొత్తదే ఉందని అమ్మాయి పట్టు. అదే నెలలో చిన్నవాడి రెండో విడత ఫీజు. "నేను కాదంటే డబ్బు కోసం కాదంటున్నానని అనుకుంటుంది మేడమ్" అన్నారావిడ. ఆమె బాధ ల్యాప్‌టాప్ గురించి కాదని నాకు అర్థమైంది.

ఏది కొనాలో నేను చెప్పలేదు. అమ్మాయినే దుకాణానికి పంపి, రెండింటి మీదా ఒక్కో పేజీ టైపు చేసి రమ్మనమన్నాను. కాలేజీ ల్యాబులో ఏమేం కావాలో సీనియర్లని అడిగి వెళ్లమన్నాను. రెండు రోజుల తర్వాత ఆ అమ్మాయి తనంతట తానే పాతది చాలని చెప్పిందట. "కొత్తదాంట్లో మామూలు యూఎస్‌బీ పోర్టు లేదమ్మా, ల్యాబులో అన్నీ పెన్‌డ్రైవ్‌లోనే ఇవ్వాలంట, దానికి మళ్లీ వేరే కనెక్టర్ కొనాలి" అందట. మిగిలిన 14 వేలు ఎక్కడికి వెళ్లాయో ఆ తల్లి చెప్పనక్కర్లేదు, మనందరికీ తెలుసు. ఆమెకు ఊరటనిచ్చింది మాత్రం ఆ డబ్బు కాదు, ఆ నిర్ణయం కూతురి నోట రావడం.

కొనబోయే ముందు దుకాణంలో మీ పిల్లల చేత ఈ పనులు చేయించండి. నిలబడి కాదు, కుర్చీలో కూర్చుని పది నిమిషాలు టైపు చేయమనండి. మీ ఇంట్లో తెలుగులో రాసేవాళ్లుంటే తెలుగులో కూడా ఒక పేరా కొట్టి చూడండి. ఒంటిచేత్తో మూత తెరిచి, స్క్రీన్ ఊగుతుందేమో చూడండి. దుకాణం గుమ్మం దగ్గర, పగటి వెలుగులో అక్షరాలు కనబడుతున్నాయో లేదో చూడండి. ఇంట్లో ఉన్న పెన్‌డ్రైవ్ వెంట తీసుకెళ్లండి. ర్యామ్ తర్వాత పెంచుకోవచ్చా అని తప్పక అడగండి. సన్నని మోడళ్లలో చాలావాటికి ర్యామ్‌ని బోర్డుకే అతికించేస్తారు, కొన్న రోజున ఎంత ఉంటే చివరిదాకా అంతే. ఎయిర్ ప్రారంభ మోడళ్లలో 8 జీబీని 16 చేయడానికి యాపిల్‌కే 2024 అక్టోబరు దాకా పట్టింది. నాలుగేళ్ల చదువు కోసం కొనేటప్పుడు, మీ బడ్జెట్‌లో వీలైతే 16 జీబీకే వెళ్లండి. ఆ బ్రాండు సర్వీస్ సెంటర్ మీ ఊళ్లో ఉందా, బ్యాటరీ మార్చడానికి ఎంతవుతుంది అన్నవి కూడా బిల్లు కట్టకముందే తెలుసుకోవాల్సినవి.

ఎనిమిది నుంచి పది వరకు చదివే పిల్లల తల్లిదండ్రులకు ఒక మాట. ప్రాజెక్టు వర్క్‌కీ, ప్రెజెంటేషన్‌కీ మన స్కూల్ ల్యాబు, ఇంట్లో ఉన్న పాత కంప్యూటరు చాలావరకు సరిపోతాయి. పాతది నత్తనడక నడుస్తోందా? అందులో పాతకాలం హార్డ్ డిస్క్ ఉంటే తీసేసి ఎస్‌ఎస్‌డీ వేయిస్తే తేడా వెంటనే తెలుస్తుంది. విండోస్ 10కి మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. మీ కంప్యూటరు విండోస్ 11కి పనికొస్తుందా లేదా అన్నది మొదట చూపించుకోండి. పనికొస్తే ఇప్పుడు కొత్తది కొనాల్సిన తొందర లేదు.

కొనాల్సిందే అనుకుంటే, దుకాణానికి వెళ్లే ముందు రోజు పిల్లలకి ఒక తెల్లకాగితం ఇవ్వండి. రోజూ ఈ ల్యాప్‌టాప్‌తో చేసే పనులు ఐదు రాయమనండి. వాటి పక్కన, ఆ పనికి ల్యాప్‌టాప్‌లో ఏం ఉండాలో రాయమనండి. అందులో 'సన్నగా ఉండాలి' అన్న మాట కనిపిస్తే కొట్టేయకండి. పిల్లల సరదా కూడా సరదాయే. అది ఎన్నో వరుసలో ఉందో మాత్రం ఇద్దరూ కలిసి చూడండి.