పాత హోటళ్ల చిత్రపు కార్డులు

అమెరికా చిన్న పట్టణములందలి హోటళ్ల పాత చిత్రపు పోస్టుకార్డులు చేత బట్టినపుడెల్లను నా దృష్టి బొమ్మకంటె ముందుగ దానిపైని చేతివ్రాతకే పోవును. 1907కు పూర్వము ఆ దేశమున కార్డు వెనుకవైపు చిరునామాకే పరిమితమై యుండుటచే, ప్రయాణికులు తమ క్షేమసమాచారమును బొమ్మ అంచుననున్న కొద్దిపాటి జాగాలోనే ఇరికించి వ్రాసెడివారు. కొందరు తాము బస చేసిన గది కిటికీపై సిరాతో గుర్తు పెట్టి యింటివారికి చూపెడివారు. ఆ చిన్న గుర్తు నాకు మహాప్రియము.

1930, 40 దశకములలో చికాగోలోని కర్ట్ టైక్ సంస్థవారు, నారబట్ట నేతను బోలు గరుకు కాగితముపై అచ్చువేసిన కార్డులందు, నలుపు తెలుపు ఛాయాచిత్రమునుండి కరెంటు తీగలను తుడిచివేసి, ఆకాశమునకు గాఢనీలిమను అద్దెడివారు. అది యథార్థమునకు కొంత దూరమే యైనను, తమ ఊరు చూపరులకు సుందరముగ గనబడవలెనను ఆకాంక్ష అందు స్పష్టముగ గోచరించును.

ఇక అట్టి హోటళ్ల గతి చూడగా, ఆరిజోనాలోని విన్స్లో పట్టణమున మేరీ కోల్టర్ రూపకల్పన చేసిన లా పొసాడా హోటలు 1930లో వెలసి, రైలు ప్రయాణికులు తగ్గిపోగా 1957లో మూతపడి, రైల్వే కార్యాలయములకు నెలవై, 1997లో మరల అతిథులకు ద్వారము తెరచినది. అన్నిటికిని అట్టి పునర్జన్మము లభింపలేదు. కూల్చబడిన పెక్కు హోటళ్ల ముఖద్వారములు, వరండా స్తంభములు ఎట్లుండెనో నేడు తెలుపునవి ఈ కార్డులే.