లజ్‌లో పసుపుపచ్చ సీసా

మైలాపూరు లజ్‌లోని నాగేశ్వరరావు పార్కుకు సాయంత్రాలు మనవరాలిని తీసుకుని వెళుతుంటాను. మొన్న పార్కు పేరు చదివి, "ఈయనెవరు తాతయ్యా?" అంది.

"మీ అమ్మమ్మ తలనొప్పికి రాసుకునే అమృతాంజనం ఈయనదేనమ్మా" అన్నాను. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1893లో బొంబాయిలో దాన్ని ప్రారంభించారు. 1908లో అక్కడే వారపత్రికగా పుట్టి, 1914లో మద్రాసులో దినపత్రిక అయిన ఆంధ్రపత్రికను ఆ రాబడే పోషించింది. మా నాన్నగారు చదివిన ఆ పత్రిక ఇప్పుడు లేదు. అమృతాంజనం ఉంది.

తిరిగి వస్తూ మందుల షాపులో ఆగాం. నేను పసుపుపచ్చ సీసా అడిగాను. "చేతికంతా జిడ్డు తాతయ్యా!" అంటూ పిల్ల, వేలు తగలకుండా నుదుట రుద్దుకునే రోల్‌-ఆన్ తీసుకుంది. పేరు మాత్రం అదే.

అమ్మ కొన్నదే నేనూ కొన్నాను, వేరొకటి వెతకలేదు. వీళ్ళు చూసి, వాసన పట్టి, నచ్చితేనే కొంటారు. పాత పేరు బతకడానికి మా అలవాటొక్కటే చాలదు, వాళ్ళ చేతికి ఇమడాలి కూడా. మన ఇళ్ళలో తెలుగు సంగతీ అంతే కాబోలు.

మర్నాడు పార్కులో మా పిల్ల స్నేహితురాలికి పంతులుగారి కథ చెబుతోంది, తమిళంలో. నేను అడ్డుపడలేదు.