తాండూరు నాపరాయి: గని పొర నుంచి హాలు నేల దాకా

తెలంగాణలోని వికారాబాద్ జిల్లాకు పడమటి అంచున, కాగ్నా నది పారే ప్రాంతంలో ఉన్న తాండూరు పట్టణం చుట్టుపక్కల, నల్లరేగడి మట్టి కింద విస్తారంగా పరుచుకొని ఉన్న సున్నపురాయి పొరలనే జనం నాపరాయి అనీ తాండూరు బండ అనీ పిలుస్తారు. భూవిజ్ఞానులు భీమా బేసిన్ అని పేర్కొనే ప్రాచీన అవక్షేప మండలంలో ఈ పొరలు భాగం. అవక్షేపం అంటే నీటి అడుగున సున్నపు పదార్థమూ సన్నని బురదా కలిసి మెల్లమెల్లగా పేరుకొని, పైబరువుకు అణగి రాయిగా గట్టిపడినది. సరిహద్దు దాటి కర్ణాటకలోని కలబురగి జిల్లాలోకి వెళ్లినా, అక్కడి షాబాద్ పట్టణం దాకా ఇదే జాతి రాయి కొనసాగుతుంది కాబట్టి, హైదరాబాదు పాత ఇళ్లలో దీనికి షాబాద్ బండ అనే పేరే ఎక్కువగా వినిపిస్తుంది. 1874లో సికింద్రాబాద్, వాడి స్టేషన్ల మధ్య నిజాం రాజ్యంలో వేసిన రైలుమార్గం తాండూరు మీదుగానే సాగడం వల్ల, ఎద్దుబండ్ల మీద దూరం మోయలేనంత బరువైన ఈ రాయికి రాజధాని దారి తెరుచుకుంది.

ఒక ఇంటి ముందుగదిలో, అంటే ఇప్పుడందరూ హాలు అంటున్న గదిలో, నేల ఎలా ఉండాలన్నది తాపీమేస్త్రీ వచ్చిన రోజున తేలే విషయమని చాలామంది అనుకుంటారు. ఓగిపూర్, మల్కాపూర్ వైపు గనులను చూసి, అక్కడి నుంచి పట్టణంలోని పాలిషింగ్ యూనిట్లకూ, చివరికి కట్టుబడిలో ఉన్న ఒక ఇంటికీ వరుసగా వెళ్లినవారికి మాత్రం, నేల మంచిచెడ్డలు చాలావరకు గని పొరలోనూ, ఆ తర్వాత దొంతిలో బండలను ఏరుకునే చోటా తేలిపోతాయని, మేస్త్రీ చేతికి వచ్చేది ఆ నిర్ణయాల ఫలితమేనని బోధపడుతుంది.

గనిలోకి దిగే దారికి రెండు వైపులా తీసిపారేసిన రాతి ముక్కల గుట్టలు కొన్నిచోట్ల మనిషి ఎత్తును మించి నిలిచి ఉంటాయి. పైనున్న రేగడి మట్టినీ, ఎండకు వానకు పొడిబారి చిట్లిన పై పొరలనూ తొలగించాక బయటపడే రాయి, దాదాపు చదునుగా, గచ్చు చేసినట్టుగా కనిపించడం చూసేవారిని ఆశ్చర్యపరుస్తుంది. ఈ ప్రాంతపు పొరలు ముడుతలు పడకుండా, పెద్దగా వంగకుండా అడ్డంగానే నిలిచి ఉండడమే ఈ పరిశ్రమకు మూలాధారం. పొరకూ పొరకూ మధ్య సన్నని బంకమట్టి పూత వంటి భాగం ఉంటుంది; రాయి అక్కడ బలహీనం కాబట్టి, అక్కడే విడివడుతుంది. గని నేల మీద పట్టాలు వేసి, వాటి మీద నడిచే గుండ్రని రంపపు బ్లేడు ఉన్న కోత మిషన్‌తో ముందు నిలువునా, తర్వాత అడ్డంగా గాట్లు పెడతారు. దాంతో గని అడుగంతా చదరపు గళ్లుగా ఏర్పడుతుంది. ఆ తర్వాత జరిగే పని మాత్రం చేతిదే. ఒక అంచున తెరుచుకున్న పొర సందులోకి గడ్డపార మొన దూర్చి, ఒక్కసారిగా బలం ప్రయోగించకుండా, మొనను అంగుళం అంగుళం జరుపుతూ అంచు పొడవునా చిన్నచిన్నగా ఎగదోస్తారు. కాసేపటికి లోపలి నుంచి పొడి చప్పుడు ఒకటి వినిపించి, బండ తన అడుగును వదిలి పైకి లేస్తుంది. అనుభవం లేని చేయి ఒకేచోట బలం పెడితే బండ మధ్యకు విరుగుతుంది. విరిగిన బండ గుట్టలోకి పోతుంది. కోత మిషన్లు వచ్చాక ఈ పనికి నైపుణ్యం అక్కరలేదన్న మాట వినిపిస్తూ ఉంటుంది గానీ, పొరను నలగకుండా లేపగల చేతులు లేకపోతే ఆ గాట్ల వల్ల ఒరిగేది ఏమీ లేదు.

యంత్రం నిలువు అంచులను మాత్రమే కోస్తుంది, మందాన్ని నిర్ణయించేది ప్రకృతి. ఒకే పొర నుంచి వచ్చిన బండలు సైతం ఒకచోట 15 మిల్లీమీటర్లు, మరొకచోట 25 మిల్లీమీటర్ల మందంతో ఉండడం మామూలు. రంగు విషయంలోనూ ఇదే తీరు. నీలి ఛాయ కలిసిన బూడిద రంగు బండకు తాండూరు బ్లూ అనీ, పసుపు ఛాయ ఉన్నదానికి తాండూరు ఎల్లో అనీ వ్యాపారంలో పేర్లు. రాతిలోని ఇనుము గాలీ నీరూ సోకి తుప్పు రూపంలోకి మారినచోట పసుపు, గోధుమ ఛాయలు వస్తాయి. అందువల్ల ఒకే బండలో సగం నీలం, సగం పసుపు కనిపించడం లోపం కాదు, రాతి స్వభావం. అయితే అలాంటి బండ ఒకటి హాలు నడుమ పడితే కన్ను ప్రతిసారీ అక్కడికే పోతుంది.

పట్టణంలోని పాలిషింగ్ యూనిట్లలో బండ అంచులను సరిచేసి కొలతకు కోసి, ఒక వైపు నున్నగా అరగదీస్తారు. తిరిగే తల కింద రాపిడి రాళ్లు అమర్చిన మిషన్, ఎడతెగకుండా పారే నీరు, ఆ నీటితో కలిసి కాలువలోకి జారే తెల్లటి రాతి బురద అక్కడ నిత్యం కనిపించే దృశ్యం. తడిగా ఉన్నంతసేపు ఆ బురద హాని తక్కువే. రోడ్ల పక్కన పారబోశాక ఎండి పొడిగా లేస్తే మాత్రం ఊరి గాలిలోకీ, పనివారి ఊపిరితిత్తుల్లోకీ చేరుతుంది. నీళ్లు పెట్టకుండా పొడిగా కోసేచోట ఈ ప్రమాదం మరీ ఎక్కువ. కరణ్‌కోట్‌లో సిమెంట్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా కర్మాగారం ఉండడం ఈ ప్రాంతపు రాయి సిమెంటుకు ఎంత అనువైనదో చెబుతుంది. అలాంటిచోట ఇంతటి సున్నపు వ్యర్థం రోడ్డు పక్కన ఎండుతూ ఉండడం బాధ కలిగించే విషయం. చదరపు అడుగుకు ఇంత అని బేరమాడి బండలు కొనేవారు ఆ ధరలో పనివాడి మాస్కుకూ, నీటి పైపుకూ, బురద తొట్టికీ చోటు ఉందా అని యూనిట్ యజమానిని అడగడం తప్పేమీ కాదు, అడగడం అవసరం కూడా.

బండలను ఎంచుకునే పని యూనిట్ వెనక ఆవరణలో, నిలువుగా ఆనించిన దొంతుల దగ్గర జరుగుతుంది. మొదట చూడవలసింది బండ మోత. ఒక అంచు పట్టి నిలబెట్టి, వేలి కణుపుతోనో చిన్న సుత్తితోనో తడితే, గట్టి బండ ఖంగుమని పలుకుతుంది; లోపల కనపడని పగులో, పొర లేవడానికి సిద్ధమైన సందో ఉన్న బండ మొద్దుబారిన చప్పుడు చేస్తుంది. రెండోది నీటి పరీక్ష. బండ మీద నీళ్లు చల్లి ఆరే తీరు గమనిస్తే, మిగతా భాగమంతా ఆరినా సన్నని తడి గీత ఒకటి ఆలస్యంగా ఆరేచోట పగులు ఉందని తెలుస్తుంది. తడిసిన బండ చూపే రంగే పాలిష్ తర్వాత రాబోయే రంగుకు దగ్గరగా ఉంటుంది కనుక, ఛాయల పోలిక కూడా అప్పుడే చూసుకోవాలి. మూడోది, అన్నిటికన్నా ముఖ్యమైనది, హాలుకు కావలసిన బండలన్నిటినీ ఒకే గని సరుకు నుంచి, ఒకే దఫాలో తీసుకోవడం. నాలుగు రోజుల తర్వాత తక్కువపడిన బండల కోసం మళ్లీ వెళితే, అదే యూనిట్‌లో, అదే పేరుతో దొరికేది మరో పొర రాయి కావచ్చు.

ఎన్ని బండలు కావాలన్న లెక్కలోనూ పొరపాటుకు చోటుంది. రెండడుగుల బండ అని వాడుకలో అంటున్నది అంచులు కోసి సరిచేశాక 22 అంగుళాల చదరంగా మిగలడం సాధారణం. 15 అడుగుల పొడవు, 12 అడుగుల వెడల్పు ఉన్న హాలు 180 చదరపు అడుగులు. 22 అంగుళాల బండ సుమారు 3.36 చదరపు అడుగులు. విస్తీర్ణం ప్రకారం భాగిస్తే 54 బండలు చాలనిపిస్తుంది. పొడవున వరుసగా 8 బండలు వేస్తే 176 అంగుళాలు నిండి, గోడ పక్కన 4 అంగుళాల పట్టీ మిగులుతుంది. అంత సన్నని ముక్క చూడ్డానికి బాగుండదు, కోతలోనే విరిగిపోవచ్చు కూడా. అందుకని 7 నిండు బండలు వేసి, మిగిలిన 26 అంగుళాలను రెండు గోడల వైపూ 13 అంగుళాల చొప్పున పంచుతారు. వెడల్పున 6 నిండు బండలు పోగా 12 అంగుళాలు మిగులుతాయి. 22 అంగుళాల బండ నుంచి 12 అంగుళాల ముక్కలు గానీ 13 అంగుళాల ముక్కలు గానీ రెండేసి రావు కాబట్టి, 9 వరుసలను 7తో హెచ్చవేస్తే వచ్చే 63 బండలూ కావలసిందే. విస్తీర్ణం ప్రకారం వచ్చిన 54కు పదో వంతు కలిపి 60 కొన్నవారికి కూడా మూడు తక్కువపడతాయి. ఈ లెక్క కొనుగోలుకు ముందే కాగితం మీద గీసి చూసుకోవాలి.

తాండూరులో హాలు పని జరుగుతున్న ఆ ఇంట్లో గుమ్మం పొడవు వైపు గోడకు ఉంది. అక్కడి మేస్త్రీ సహాయకుడికి చెప్పిన మాట పైలెక్కకు చక్కగా సరిపోయింది: "దర్వాజ కాడ నిండు బండ పడాలె, కోసిన ముక్కలు అవతలి గోడ కింద పోవాలె." లోపలికి అడుగుపెట్టేవారి చూపు మొదట పడేచోట నిండు బండ, సోఫా కిందికి పోయేచోట 12 అంగుళాల ముక్క ఉండేలా, మాలు వేయకముందే దారం కట్టి మట్టం నిర్ణయించారు. నాలుగు గోడల మీదా ఒకే ఎత్తును గుర్తించడానికి నీళ్లు నింపిన పారదర్శకపు గొట్టాన్ని వాడారు. గొట్టం రెండు కొసల్లోనూ నీరు ఒకే ఎత్తున నిలుస్తుంది కనుక ఇది చౌకైన, నమ్మదగిన సాధనం.

బండ పరిచే పద్ధతి మందంలోని తేడాను దృష్టిలో పెట్టుకొని రూపొందింది. ఒక పాలు సిమెంటుకు నాలుగు పాళ్ల ఇసుక కలిపి, పిడికిట పట్టితే ముద్ద నిలిచేంత తడితో, సగటున 20 మిల్లీమీటర్ల మందాన మాలు పరుస్తారు. బండను దాని మీద పెట్టి, చెక్క సుత్తితో తట్టి, దారానికి సరిపోయిందో లేదో చూసి, వెంటనే పైకి ఎత్తేస్తారు. చూసేవారికి ఇది వృథా శ్రమ అనిపించవచ్చు గానీ, నేల ఆయుష్షు ఈ ఎత్తడంలోనే ఉంది. బండ అడుగు కోసింది కాదు, గనిలో పొర విడివడినప్పటి సహజమైన గరుకు ముఖం. దాని ఎత్తుపల్లాలు మాలు మీద అచ్చుపడి, ఎక్కడ ఆనిందో ఎక్కడ ఆనలేదో స్పష్టంగా చూపుతాయి. ఆనని గుంటల్లో మాలు నింపి, సిమెంటు పాలు, అంటే నీళ్లలో పలుచగా కలిపిన సిమెంటు, పోసి, బండను తిరిగి దించి తడతారు. ఈ పని వదిలేసిన బండ కింద గాలి గుంట మిగిలిపోతుంది. నడిచినప్పుడు డొల్ల చప్పుడు చేస్తుంది. బీరువా కాలు దాని మీద పడిన రోజున పగులుతుంది.

బండలకు బదులు ఈమధ్య నగరాల్లో వాడుక పెరుగుతున్న లామినేట్ పలకలకు ఇందుకు పూర్తిగా భిన్నమైన స్వభావం ఉంది. కలప నారను జిగురుతో అదిమి చేసిన గట్టి బోర్డు, దానిపై చెక్క నమూనా అచ్చువేసిన కాగితం, ఆ పైన మెలమైన్ రెసిన్ అనే పారదర్శకమైన గట్టి పూత కలిస్తే లామినేట్ పలక అవుతుంది; 1977లో స్వీడన్‌కు చెందిన పెర్స్టోర్ప్ సంస్థ దీన్ని రూపొందించింది. 8 మిల్లీమీటర్ల పలకలు అంచులతో ఒకదానికొకటి తగులుకుంటాయే తప్ప నేలకు అంటుకోవు. తేమకు కలప నార ఉబ్బుతుంది కనుక గోడల వెంట 8 నుంచి 10 మిల్లీమీటర్ల ఖాళీ వదిలి, దాన్ని స్కర్టింగ్ పట్టీతో కప్పుతారు. కింది నేలలో రెండు మీటర్ల దూరానికి 3 మిల్లీమీటర్లకు మించి ఎత్తుపల్లం ఉంటే పలకలు కదిలి, కీళ్లు వదులవుతాయి. బండ కిందనున్న మాలు నేల వంకరను కప్పిపుచ్చుతుంది, లామినేట్ దాన్ని బయటపెడుతుంది. పడకగదికి, పైఅంతస్తు గదులకు లామినేట్ పనికిరాదని అనలేం. కానీ పండుగకు బకెట్లతో నీళ్లు పోసి కడిగే, వానాకాలంలో తడికాళ్లతో అందరూ వచ్చిపోయే తెలుగువారి హాలులో, నీటికి ఉబ్బని నేలనే ఎంచుకోవడం వివేకం. నాపరాయిని వరండాకూ పశువుల కొట్టానికీ పరిమితమైన పేదవాడి రాయిగా చూసే అలవాటు ఈ ఎంపికకు అడ్డుపడడం విచారకరం.

పరిచిన నేలను వారం రోజులపాటు తడిపి ఉంచాక, మాలు బాగా గట్టిపడేందుకు మరికొంత గడువిచ్చి, చివరి పాలిష్ మొదలుపెడతారు. రాపిడి రాయి అంకె పెరిగేకొద్దీ దాని రేణువు సన్నబడుతుంది. 60, 120, 320 అంకెల రాళ్లను వరుసగా వాడి, అంచుల వెంట పక్కపక్క బండల మధ్య మిగిలిన గోరంత ఎత్తులను కూడా సమం చేస్తారు. ముసలివారూ పసిపిల్లలూ తిరిగే ఇంట్లో అద్దంలా మెరిసే పాలిష్ కోరుకోకుండా, మధ్యస్థమైన నునుపు దగ్గరే ఆపమని ముందే చెప్పడం మంచిది. తడిసిన నునుపు రాయి జారుతుంది.

సున్నపురాయి కాబట్టి పులుపు తగిలితే ఇది కరుగుతుంది. నిమ్మరసం, చింతపండు పులుసు ఒలికినచోట వెంటనే తుడవకపోతే మెరుపు పోయిన మచ్చ నిలిచిపోతుంది. మరుగుదొడ్డి కోసం అమ్మే ఆమ్లపు ద్రావణాలు దీనిమీద పడనే కూడదు. ఇసుక రేణువు ఈ రాతికన్నా గట్టిది గనుక గుమ్మం దగ్గర గరుకు పట్టా వేయడం వల్ల గీతలు తగ్గుతాయి. ఏళ్లు గడిచి మెరుపు తగ్గితే అదే నేలను మళ్లీ అరగదీయించుకోవచ్చు. కొన్నప్పుడే అదే దొంతి నుంచి అయిదారు బండలు ఎక్కువ తీసుకొని మేడ మెట్ల కింద నిలువుగా ఆనించి ఉంచితే, ఎప్పుడైనా ఒక బండ పగిలినా దాని స్థానంలో వేయడానికి అదే పొర రాయి చేతిలో ఉంటుంది.