ఓటు గుంటూరులో, చెత్త బర్మింగ్‌హామ్‌లో

2026 మే 7న బర్మింగ్‌హామ్ నగర కౌన్సిల్‌కి ఎన్నికలు. ఇక్కడి ఆసుపత్రిలో నర్సుగా పనిచేసే మా ఆవిడకి వాళ్ల యూనియన్ యూనిసన్ నుంచి మెయిలొచ్చింది. ఓటు నమోదు చేసుకున్నారా, ఫొటో ఉన్న గుర్తింపు కార్డు దగ్గరుందా, ప్రజాసేవలు నిలబెట్టేవాళ్లెవరో చూసి ఓటెయ్యండి అని. యూనిసన్ అంటే మాటలు కాదు. ఆసుపత్రి నర్సు దగ్గర్నుంచి బళ్లో వంటావిడ దాకా 13 లక్షల మంది సభ్యులు.

ఆదివారం మనవాళ్లంతా భోజనాలకొస్తే ఆ మెయిలు చదివి వినిపించాను. "కౌన్సిల్ ఎలక్షన్‌తో మనకేం పనన్నా?" అన్నాడు ఓ తమ్ముడు. అని, పప్పుచారు కలుపుకుంటూ, సత్తెనపల్లిలో ఏ ఊరు ఎటు మొగ్గిందో బూత్ బూత్‌కీ లెక్క చెప్పడం మొదలెట్టాడు.

ఒళ్లు మండదా? 2024 మేలో ఇదే తమ్ముడు సెలవు పెట్టి, టికెట్టు ఎంతైతే అంత పోసి, ఓటెయ్యడానికి గుంటూరు వెళ్లాడు. తప్పని అనను, మెచ్చుకుంటాను కూడా. ఆ రోజు ఆంధ్రలో దాదాపు 82 శాతం ఓట్లు పడ్డాయి, ప్రపంచానికి పాఠం చెప్పదగ్గ సంగతి. రెండు నెలలు తిరక్కుండా జులై 4న బ్రిటన్ పార్లమెంటుకి ఎన్నికలు. పోలింగ్ కేంద్రం వాళ్ల వీధి చివరే. "మీటింగులున్నాయన్నా" అన్నాడు. ఆ ఎన్నికల్లో దేశం మొత్తమ్మీద ఓటేసింది నూటికి అరవై మంది. మిగిలిన నలభైలో మావాడొకడు.

మనకి ఇక్కడ ఓటుందని సగం మందికి తెలీనే తెలీదు. కామన్వెల్త్ దేశం పౌరులం కాబట్టి, చెల్లే వీసా మీద ఉంటూ పేరు నమోదు చేసుకుంటే చాలు, పార్లమెంటుకీ కౌన్సిల్‌కీ ఓటెయ్యొచ్చు. వింత చూడండి: అదే వీసా మీద ప్రభుత్వ భృతులేవీ నీకు రావని రాసుంటుంది. ఆరోగ్య సర్‌చార్జి కింద ఏడాదికి 1,035 పౌండ్లు మావాడి దగ్గర ముందే గుంజుతారు. డబ్బు కట్టించుకునేటప్పుడు మనం గుర్తుంటాం, మనం మాత్రం ఓటప్పుడు వాళ్లకి గుర్తు చెయ్యం!

ఆ జులైలో నేను ఓటేసింది ఓ చర్చి వెనక హాల్లో. బల్ల దగ్గరి పెద్దావిడ నా ఇండియా పాస్‌పోర్టు తెరిచి, ఫొటో చూసి, నా మొహం చూసి, జాబితాలో పేరు మీద గీత కొట్టి చీటీ ఇచ్చింది. లోపల దారంతో కట్టేసిన పెన్సిలు. వేలికి సిరా లేదు, సెల్ఫీకి పనికిరాదు. బహుశా మావాడికి అదే నచ్చలేదేమో.

ఈ కౌన్సిల్ సంగతేమైనా చిన్నదా? 2023 సెప్టెంబరులో బర్మింగ్‌హామ్ సెక్షన్ 114 నోటీసు ఇచ్చి, ఖజానా ఖాళీ అని చేతులెత్తేసింది. ఏళ్ల తరబడి ఆడ ఉద్యోగులకి తక్కువిచ్చిన జీతాల బకాయిలు ఓ పక్క, మనవాళ్లెందరికో అన్నం పెట్టే ఒరాకిల్ సాఫ్ట్‌వేర్‌ని అమర్చడంలో గందరగోళం ఇంకో పక్క. మరుసటి ఏప్రిల్‌లో కౌన్సిల్ పన్ను 9.99 శాతం పెరిగింది. 2025 మార్చిలో యునైట్ యూనియన్ చెత్తబళ్ల కార్మికులు పూర్తి సమ్మెకి దిగితే వీధుల్లో 17 వేల టన్నులు పేరుకుంది. మా గుమ్మం ముందు నల్లసంచుల్ని ఎలకలు చింపి పోసేవి. అప్పుడు మావాడు వాట్సాప్‌లో పెట్టిన బూతులు ఇక్కడ రాయలేను.

మా ఆవిడకొచ్చిన యూనియన్ మెయిల్లో జీతం ఊసే లేదు. మన ఎన్జీవో సంఘాలు పీఆర్సీ, డీఏ, పాత పెన్షన్ దాటి ఎప్పుడైనా మాట్లాడాయా అనబోయి ఆగాను. మాట్లాడాయి. 2011లో తెలంగాణ కోసం జరిగిన 42 రోజుల సకల జనుల సమ్మెలో గుమస్తాలూ ఆర్టీసీ డ్రైవర్లూ సింగరేణి కార్మికులూ జీతం కోసమా పని మానేసింది? పైగా మన దగ్గర ఉద్యోగి ప్రచారం చేస్తే సర్వీసు నిబంధనలు ఊరుకోవు. మధిర దగ్గర టీచరుగా చేసిన మా పిన్ని ఎవరికి ఓటేసిందో బాబాయికి కూడా చెప్పేది కాదు. ఎలక్షన్ డ్యూటీ పడితే పెట్టె మోసుకుంటూ లారీ ఎక్కి, ఏ తండా బళ్లోనో బల్లలు దగ్గరకి జరుపుకుని పడుకునేది. పొద్దున్నే ముసలమ్మల్ని చెయ్యి పట్టుకుని లోపలికి నడిపించేది. ప్రజాసేవ అని ఆవిడకి ఏ సంఘమూ మెయిలు పెట్టలేదు.

సరే, బర్మింగ్‌హామ్ తమ్ముళ్లకీ చెల్లెళ్లకీ చెప్పేదొకటే. నమోదు ఆన్‌లైన్‌లోనే, అయిదు నిమిషాల పని. గడువు పోలింగ్‌కి 12 పనిదినాల ముందే ముగుస్తుంది. పోలింగ్ గురువారం, పొద్దున 7 నుంచి రాత్రి 10 దాకా. ఇండియా పాస్‌పోర్టు చూపిస్తే చాలు, సెలవు కూడా పెట్టక్కర్లేదు.