పాఠం తెలిస్తే చాలదు

"ఎమ్మెస్సీ ఫిజిక్స్ చదివి, ఇన్నేళ్లు కంపెనీలో టెస్టింగ్ చేసి, ఇప్పుడు మళ్లీ బడిపంతులు చదువా అమ్మా?" అని ఇంగ్లాండులో మేముండే ఊళ్లో ఉగాది వేడుకల్లో ఒక పెద్దాయన అడిగారు. ఆయన గొంతులో వెటకారం లేదు, బెంగే ఉంది. ఇంజనీరింగ్ సీటు రానివాళ్లు డిగ్రీకి, డిగ్రీ అయ్యాక ఏ ఉద్యోగమూ దొరకనివాళ్లు బీఈడీకి వెళ్తారనే లెక్క మనతోపాటే ఇంగ్లాండుకి విమానమెక్కింది. ఆ వెనకే ఇంకో ప్రశ్న కూడా వేశారు. "సబ్జెక్టు వచ్చినవాళ్లకి చెప్పడం రాకపోవడమేమిటి? దానికో ఏడాది చదువెందుకు?"

మొదటి ప్రశ్నకి నవ్వి ఊరుకోవచ్చు. రెండోదానికి మాత్రం జవాబు చెప్పాలి.

ఇక్కడ హైస్కూల్లో సైన్సు చెప్పాలంటే ఎక్కువమంది పట్టే దారి పీజీసీఈ. డిగ్రీ తర్వాత ఏడాది కోర్సు. మన డిగ్రీ ఇక్కడి డిగ్రీకి సమానమని యూకే ఎనిక్ నుంచి పత్రం తెచ్చుకోవాలి. ఇంగ్లిషులో, లెక్కల్లో జీసీఎస్ఈ (మన పదో తరగతి లాంటి ఇక్కడి పరీక్ష) నాలుగో గ్రేడుకి తగ్గని అర్హత చూపాలి. ఫిజిక్సు టీచర్లకి ఇక్కడ ఏళ్ల తరబడి కరువు. అందుకే 2025–26లో ఫిజిక్సు వాళ్లకి పన్ను లేకుండా 29,000 పౌండ్ల బర్సరీ, అంటే శిక్షణ కాలపు భృతి, ప్రకటించారు. ఆ ఏడాది స్థిరనివాసులకి కోర్సు ఫీజు 9,535 పౌండ్లు.

పేరుకి యూనివర్సిటీ చదువే గానీ, ఏడాదిలో సింహభాగం బడిలోనే గడుస్తుంది. కనీసం 120 రోజులు, కనీసం రెండు వేరువేరు బడుల్లో పాఠాలు చెప్పాలి. పైగా ఫిజిక్సు టీచరైనా సరే, పదకొండు నుంచి పద్నాలుగేళ్ల పిల్లలకి సైన్సంతా చెప్పాల్సిందే. ఎంపీసీ, బైపీసీ అని గోడ కట్టుకుని పెరిగిన ప్రాణం నాది. పదో తరగతితో సెలవిచ్చేసిన కిరణజన్య సంయోగక్రియనీ, జీర్ణవ్యవస్థనీ రాత్రిళ్లు కూర్చుని మళ్లీ చదువుకున్నాను.

యూనివర్సిటీలో ఉన్న ఆ కాస్త కాలంలోనూ వాళ్లు మాకు ఫిజిక్సు నేర్పలేదు. పిల్లలు ఫిజిక్సుని ఎలా ఊహించుకుంటారో నేర్పారు. ఈ విషయంలో లీడ్స్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన రోజలిండ్ డ్రైవర్ పేరు తలవకుండా పాఠం మొదలవదు. పిల్లవాడు ఖాళీ బుర్రతో క్లాసుకి రాడనీ, వేడి, వెలుతురు, బలం వీటన్నిటి గురించీ తనదైన సిద్ధాంతం ఒకటి వెంట తెచ్చుకుంటాడనీ ఆమె 1983లో వచ్చిన తన పుస్తకంలో వివరించారు. దాన్ని బయటికి లాగకుండా మనం ఎంత బాగా చెప్పినా, పరీక్షలో మన జవాబు రాసి ఇంటికెళ్లాక తన సిద్ధాంతమే నమ్ముతాడు.

నేను పాఠాలు చెప్పిన బడిలో ఎనిమిదో తరగతి. ఒక సెల్లు, ఒక బల్బు, బల్బుకి అటొక అమ్మీటరు, ఇటొక అమ్మీటరు. స్విచ్ వేసేముందు ఏ మీటరు ఎంత చూపిస్తుందో చిన్న తెల్లబోర్డుల మీద రాసి పైకెత్తమన్నాను. సగానికి పైగా బోర్డుల మీద రెండో మీటరు అంకె తక్కువే. "వెలగాలంటే బల్బు కొంచెం కరెంటు తినాలి కదా మిస్" అన్నాడొకడు. స్విచ్ వేశాం. రెండింటిలోనూ 0.24. అంత తేలిగ్గా ఒప్పుకుంటారా! "ఆ మీటరు పాడైపోయింది" అంది వెనక బల్ల అమ్మాయి. సరే, అదిటూ ఇదటూ మార్చి చూడమన్నాను. మార్చింది. మళ్లీ అదే 0.24. "మరైతే బ్యాటరీ ఎందుకు అయిపోతుంది?" అని అప్పుడు అడిగింది. ఆ గంటంతా నేను కాచుకుని కూర్చున్నది ఆ ప్రశ్న కోసమే. ఖర్చయ్యేది సెల్లులోని రసాయనాల్లో దాగిన శక్తి, కరెంటు కాదు అన్న మాట అప్పుడు చెబితే బుర్రలోకి దిగుతుంది. మొదటే బోర్డు మీద రాసేస్తే నోట్సులోకి ఎక్కుతుంది, అంతే.

ఆ క్లాసులో వెనక కూర్చున్న మెంటర్ టీచరు రాసుకున్న కాగితంలో నా ఫిజిక్సు గురించి ఒక్క ముక్క లేదు. ఎవరు మాట్లాడారు, ఎవరు గంటంతా నోరు విప్పలేదు, ప్రశ్న అడిగాక నేను ఎంతసేపు ఆగాను, ఇవే ఉన్నాయి. ఆగడం కూడా ఒక విద్యే. టీచర్లు ప్రశ్న వేశాక సగటున ఒక్క సెకను మాత్రమే ఆగుతారనీ, మూడు సెకన్లు ఆగితే పిల్లల జవాబులు పెరుగుతాయనీ అమెరికాలో మేరీ బడ్ రో 1970లలోనే తేల్చారు. మూడు సెకన్ల మౌనం ఎంత పొడుగో క్లాసులో నిలబడితే గానీ తెలియదు.

ప్రయోగాల సంగతి ఇంకో లోకం. ఏ రసాయనం, ఎంత గాఢత, ఎన్ని సెట్లు అని ముందే ల్యాబ్ టెక్నీషియన్‌కి రాసివ్వాలి. ప్రమాదాల అంచనా లేకుండా అగ్గిపుల్ల కూడా గీయకూడదు. దానికి క్లీప్స్ అనే సంస్థ కార్డులు చేతిలో ఉండాలి. చాలా బడుల్లో పదకొండేళ్ల పిల్లలకి బన్సెన్ బర్నర్ 'లైసెన్సు' ఇస్తారు. కళ్లద్దాలు పెట్టుకుని, జుట్టు ముడేసుకుని, గాలి రంధ్రం మూసి పసుపు మంట చూపించగలిగితేనే పాస్. మన దగ్గర రికార్డు బుక్కు అందంగా ఉంటే ప్రయోగం అయిపోయినట్టే!

అలాగని మన బీఈడీని తీసిపారేయడం నా ఉద్దేశం కాదు. 2015 నుంచి అది రెండేళ్ల కోర్సు. అందులో 20 వారాలు బడిలో గడపాలని నిబంధన ఉంది. ఇక్కడి 120 రోజులంటే 24 వారాలు. కాగితం మీద తేడా నాలుగు వారాలే. అసలు తేడా ఆ వారాల్లో ఎవరు మనల్ని చూస్తున్నారన్నదే. ఇక్కడ నా పాఠాలు చూడడానికి మెంటర్‌కి టైమ్‌టేబుల్లోనే చోటుంటుంది. కోర్సు అయ్యాక కూడా 2021 నుంచి రెండేళ్ల ఇండక్షన్ ఉంది. మొదటి ఏడాది పదో వంతు పీరియడ్లు తగ్గించి, నేర్చుకోవడానికి తీరిక ఇస్తారు.

మన ప్రభుత్వాలు, యాజమాన్యాలు సిలబస్ మార్చనక్కర్లేదు, కొత్త కమిటీ వేయనక్కర్లేదు. ప్రతి బడిలో ఒక అనుభవమున్న టీచరుకి వారానికి ఒక పీరియడు తగ్గించి, ఆ పీరియడు కొత్త టీచరు క్లాసులో వెనక బెంచీ మీద కూర్చోమంటే చాలు.