రెండు కార్డులు – ఒక తెర

వార్షిక సంచికకు ఏదైనా వ్రాయవలసినదని సంపాదకవర్గం వారు కోరినప్పుడు మిత్రులు కొందరు కవిత వ్రాయమన్నారు. ఉర్దూ విభాగంలో గజళ్ళు వ్రాసేవారికి మన కళాశాలలో కొదువ లేదు. తెలుగు విభాగంలో వచన కవితలకు అసలే లేదు. నాకు స్వానుభవం మీద తెలిసిన సంగతి ఒక్కటే వున్నది. కంప్యూటరు ఆటలకు వాడే గ్రాఫిక్స్ కార్డులలో చవుక దానికీ, ఖరీదైన దానికీ గల భేదం ఏమిటన్నది ఆ సంగతి. ఇది కళాశాల పత్రికలో వ్రాయదగిన విషయమేనా అని గురువులు నొసలు ముడివేయవచ్చు. ఈ భేదం తెలుసుకొనడానికి మా యింట 30 వేల రూపాయలు, ఒక సంవత్సర కాలం ఖర్చయినవి. ఆ సంవత్సరం నాది కాదు, మా ఆపాది. అందువలన వ్రాస్తున్నాను.

ముందుగా ఈ కార్డు చేసే పని యేమిటో తెలియనివారి కొరకు నాలుగు మాటలు. తెర మీది బొమ్మ చుక్కల ముగ్గు వంటిది. సాధారణమైన తెరలో అడ్డంగా 1920, నిలువుగా 1080 చుక్కలుంటవి, వెరసి 20,73,600. ఆటలో బొమ్మ సాఫీగా కదలవలెనంటే సెకనుకు 60 పర్యాయాలు ఆ ముగ్గును చెరిపి తిరిగి వేయవలె. అనగా ఒక్క సెకనులో 12 కోట్ల 44 లక్షల చుక్కలకు రంగు నిర్ణయించవలె. కంప్యూటరులోని ప్రధాన ప్రాసెసరుకు తెలివి వున్నది గాని ఇంత చాకిరీకి చేతులు చాలవు. పెడనలో కలంకారీ అద్దకం చూసినవారికి ఇది తేలికగా బోధపడుతుంది. అచ్చు చెక్కే నిపుణుడు ఒక్కడైతే చాలు. అతని నేర్పు గొప్పది. కాని వందల గజాల గుడ్డ నిండవలెనంటే పొడవైన బల్లల ముందు నిలబడి అదే అచ్చును పదే పదే అద్దేవారు పలువురు కావలె. ప్రధాన ప్రాసెసరు ఆ చెక్కేవాడు; గ్రాఫిక్స్ కార్డు అద్దేవారి బారు. 1999లో ఎన్విడియా సంస్థ జిఫోర్స్ 256 అనే కార్డును విడుదల చేస్తూ దీనికి జి.పి.యు. అనే పేరును ప్రచారంలోకి తెచ్చినది.

ఇక చవుక, ఖరీదు అనే తేడా చాలావరకు ఆ బారులోని మనుషుల లెక్క. 2019లో వచ్చిన జి.టి.ఎక్స్. 1650లో అద్దేవారు 896 మంది. 2020లో వచ్చిన ఆర్.టి.ఎక్స్. 3080లో 8,704 మంది. ఈ రెండు అంకెలను పక్క పక్కన వ్రాసుకొని నేను ఎన్ని రాత్రులు నిద్ర మానుకున్నానో చెప్పితే నవ్వుతారు.

మా అమ్మీ చిలకలపూడి గిల్టు నగలకు రాళ్ళు అతికే పని ఇంటివద్దనే చేస్తుంది. డజను లెక్కన కూలి. ఆ కూలిలో మిగిల్చి కట్టిన 50 వేల చీటీ 2023 ఆగస్టులో చేతికి వచ్చినది. అది ఆపా కొరకు కట్టిన చీటీ. ఆపా బి.యిడి. ముగించి, అవనిగడ్డలో డి.యస్.సి. శిక్షణకు చేరవలెనని యెదురు చూస్తున్నది. ఉపాధ్యాయ ఉద్యోగం కావలసినవారు ఏయే జిల్లాల నుంచి అవనిగడ్డకు వస్తారో మనకు తెలియనిది కాదు. అప్పుడు నేను కలుగజేసుకొని, మంచి కార్డు వుంటే వీడియో ఎడిటింగు నేర్చి, పెళ్ళి వీడియోలు చేసి, ఆరు నెలల్లో ఆ సొమ్ము తిరిగి యిస్తానని చెప్పినాను. అది పూర్తిగా అబద్ధం కాదు. ఒక పెళ్ళి వీడియో చేసినాను. ఆ పెళ్ళి మా ఖాలా కూతురిది, డబ్బు అడగలేదు.

అమ్మీ ఆపా వంక చూసినది. ఆపా, “తీసుకోనివ్వు అమ్మీ, వచ్చే యేడు పోతాను లే” అన్నది. నేను ఆ మాటను అంగీకారంగా గ్రహించి బెజవాడ బస్సు ఎక్కినాను.

కొత్త 3080 కొనే తాహతు మాకు లేదు. 2021లో క్రిప్టో నాణేల తవ్వకం పేరిట ప్రపంచమంతటా కార్డుల కరవు వచ్చినది. 2022 సెప్టెంబరులో ఇథీరియం ఆ పద్ధతి మానుకొనగానే తవ్వకానికి వాడిన కార్డులు కుప్పలుగా అమ్మకానికి వచ్చినవి. నేను కొన్నది అట్టి కార్డే. వెల 38 వేలు. గ్యారంటీ గడువు తీరినదని అమ్మినవారు చెప్పలేదు, నేను అడుగలేదు. ఇంటికి తెచ్చిన తరువాత దానికి 750 వాట్ల ఎస్.ఎం.పి.ఎస్. కావలెనని తెలిసినది; నా వద్ద వున్నది 450. మరి 6,500 రూపాయలు అయినవి. తెర మాత్రం పాతదే, సెకనుకు 60 చిత్రాలు చూపే 1080 తెర. దానిని మార్చడానికి డబ్బు మిగలలేదు. ఈ చివరి వాక్యంలోనే నా అజ్ఞానమంతా వున్నది, ఆనాడు నాకు కనిపించలేదు గాని.

న్యాయంగా చెప్పవలెనంటే ఆ కార్డు నాకు ఇచ్చిన ఆనందం తక్కువది కాదు. సైబర్‌పంక్ 2077 అనే ఆటలో రాత్రివేళ వాన కురుస్తుంది. రే ట్రేసింగు అని ఒక విద్య వున్నది. కాంతి ఏ వస్తువు మీద పడి ఎటు మళ్ళునో కిరణం కిరణం లెక్కగట్టడం. దానికి ప్రత్యేకమైన భాగాలు ఎన్విడియా వారి ఆటల కార్డులలో 2018 నుంచి వస్తున్నవి; 1650లో అవి లేవు. ఆ వానలో దుకాణాల దీపాలు రోడ్డు మీది నీళ్ళలో వణుకుతుంటే అచ్చం కార్తిక మాసపు ముసురులో మన కోనేరు సెంటరు చూసినట్లు వుండేది. పది నిమిషాలు ఆట మాని ఊరకే నిలబడి చూసేవాడిని.

అట్టి ఒక రాత్రి అమ్మీ పని చాలించి, వేళ్ళకు అంటిన జిగురు తుడుచుకుంటూ నా వెనుక నిలబడినది. ఈ కార్డు ఎంత గొప్పదో నేను వర్ణిస్తుంటే అంతా విని, “చూసేవాళ్ళకు తేడా తెలుస్తుందా బేటా?” అని అడిగినది.

చిలకలపూడి వ్యాపారం మొత్తం ఆ ప్రశ్న మీదనే నిలిచివున్నది. పెళ్ళి పందిరిలో నాలుగు మూరల దూరం నుంచి చూసే కంటికి ఏది బంగారమో ఏది గిల్టో తెలియకపోతే గిల్టు తన పని చేసినట్లే. మెడలో చెయ్యి పెట్టి చూసేవారికి, తాకట్టు పెట్టుకొనేవారికి మాత్రమే అసలు బంగారం కావలె. నేను అమ్మీకి ఏదో జవాబు చెప్పి పంపినాను గాని నిద్ర పట్టలేదు. ఏలనంటే నేను ఎక్కువగా ఆడేది వాలొరెంట్, జి.టి.ఎ. 5. వాలొరెంట్‌లో నా కార్డు సెకనుకు 300 చిత్రాలు తయారుచేసేది. తెర చూపేది 60. మిగిలిన 240 చిత్రాలు తయారై, ఎవరి కంటా పడకుండా పోయేవి. అట్లయినా చేతి స్పందన కొంత త్వరపడుతుందని పోటీ ఆటగాళ్ళు అంటారు. నిజమే. నేను పోటీ ఆటగాణ్ణి కాను.

మరునాడు ఆదివారం. గుడివాడ పాసింజరు ఎక్కి మిత్రుని ఇంటికి వెళ్ళినాను. అతని వద్ద 13 వేలకు కొన్న 1650 కార్డు. తెర నా తెర వంటిదే. జి.టి.ఎ. 5 పెట్టి, రంగులు, నీడలు ఒక మెట్టు తగ్గించి ఆడినాము. సెకనుకు 60కి దిగలేదు. నీడల అంచులు కాస్త గరుకు. కారు వేగంగా పోతుంటే అది కూడా కనబడదు. మిత్రుడు నా ముఖం చూసి, “ఏమిరా, ఎవరైనా పోయారా?” అన్నాడు. 2022 చివర స్టీమ్ వారి లెక్కలో ప్రపంచంలో ఎక్కువమంది ఆటగాళ్ళ వద్ద వున్న కార్డు ఈ 1650యే నని అతడే చెప్పినాడు. అంతకుముందు ఏళ్ళ తరబడి ఆ స్థానం 1060ది. అదీ మధ్య తరగతి కార్డే. పత్రికలలో, వీడియోలలో వినవచ్చేది ఖరీదైన కార్డుల మాట. ఇళ్ళలో వున్నవి ఇవి.

కరెంటు సంగతి కూడా చెప్పవలె. 1650 పూర్తి భారం మీద తినేది 75 వాట్లు, అనగా మామూలు సీలింగు ఫ్యాను ఒకటి. 3080 తినేది 320; నాలుగు ఫ్యాన్ల పైమాట. రోజుకు నాలుగు గంటల చొప్పున నెలకు 9 యూనిట్లు ఒకటి, 38 యూనిట్లు మరొకటి. 2025 జనవరిలో వచ్చిన 5090 అయితే 575 వాట్లు. 1,999 డాలర్ల వెల అటుంచి, దాని వేడికి మరొక ఫ్యాను వేరే కావలె. వేసవిలో నా గదిలోకి ఆపా చదువుకొనడానికి రావడం మానివేసినది. కారణం నేను అడుగలేదు.

2024 మే నెలలో తెర మీద ఆకుపచ్చ గళ్ళు మొదలైనవి. ఆ కార్డులోని జి.డి.డి.ఆర్.6ఎక్స్ మెమరీ సహజంగానే వేడెక్కే రకం. తవ్వకంలో రేయింబవళ్ళు కాగి, దాని మీది ప్యాడ్లు ఎండిపోయినవి. బాగుచేయడానికి 2,500. బాగుచేసినాయన, “ఇక ఎక్కువకాలం నమ్మవద్దు బాబూ” అన్నాడు. ఆ సంగతి దాచకుండా చెప్పి 17 వేలకు అమ్మినాను. దాచితే 22 వేలు వచ్చును. ఇది గొప్పకు చెప్పడం లేదు. నాకు చెప్పనివారిని తిట్టుకుంటూ నేనూ అదే పని చేయడానికి ముఖం చెల్లలేదు.

ఆ 17 వేలు, అమ్మీ ఇచ్చిన మరికొంత కలిపి జూలైలో ఆపాను అవనిగడ్డలో దిగబెట్టడానికి వెళ్ళినాను. కోడూరు దగ్గర శివారు భూమి కౌలుకు చేసే మామూ మాకు తోడుగా వచ్చినాడు. దివిసీమకు కాలువ నీరు పులిగడ్డ అక్విడక్టు మీదుగా రావలె. మామూ అన్న మాట: “నాట్లకు ఎంతమంది కూలీలను దించితే ఏం బేటా, శివారుకు నీరు అందనప్పుడు గట్టు మీద కూర్చోవడమే.” ఆయనకు కంప్యూటరు తెలియదు. నేను మాత్రం కార్డుల గురించే విన్నాను. అద్దేవారి లెక్క చూసిన నేను, వారికి రంగు అందించే కాలువ సంగతి చూడలేదు. 3080లో ఆ కాలువ 320 బిట్ల వెడల్పు, సెకనుకు 760 గిగాబైట్లు. 1650లో 128 బిట్లు, 128 గిగాబైట్లు. దాని కూలీలకు అది సరిపోతుంది. చవుక కార్డులన్నీ ఒకటి కావని కూడా ఇక్కడే తెలుస్తుంది. 2022 జనవరిలో ఎ.యం.డి. వారు తెచ్చిన ఆర్.ఎక్స్. 6500 ఎక్స్.టి.లో 1,024 మంది వున్నా కాలువ 64 బిట్లే. పైగా బోర్డుతో కలిపే దారి నాలుగు వరుసలదే కావడం వలన పాత బోర్డు మీద పెడితే ఇంకా కుంటుతుంది. గుడివాడ మిత్రుడు దానిని కొనబోయి, తన బోర్డు పాతదని ఎవరో హెచ్చరించగా ఆగినాడట. నాకు అట్లా చెప్పేవారు లేరనను, నేను అడుగలేదు.

4కె తెర, అనగా 82,94,400 చుక్కల తెర వున్నవారికి ఖరీదైన కార్డు న్యాయమే. చుక్కలు సరిగ్గా నాలుగింతలు. త్రీడీ బొమ్మల పనితో జీవించేవారికి అది పనిముట్టు, వారికి నేను చెప్పదగినది లేదు. 1080 తెర ముందు కూర్చొనే మనబోటివారు ముందు తెరను, తరువాత ఎస్.ఎం.పి.ఎస్.ను, ఆ తరువాత కార్డును లెక్క చూడవలె. నేను తలక్రిందులుగా చూసినాను.

2025లో 16,347 పోస్టులకు డి.యస్.సి. జరిగినది. ఆపా వ్రాసినది. ఎంపిక కాలేదు. మరొక సంవత్సరం చదివివుంటే వచ్చునేమో అని ఇంట ఎవరూ అనలేదు, ఆపా అసలే అనలేదు. తిరిగి చదువుకుంటున్నది; ఇప్పుడు నా గదిలోనే, వేడి లేదు కనుక.

గుడివాడ మిత్రుడు వేరే కార్డు కొనుక్కొని తన 1650ను నాకు 5 వేలకు, నెలకు 500 చొప్పున తీర్చే ఒప్పందం మీద ఇచ్చినాడు. ఇంకా మూడు వాయిదాలు వున్నవి. కోనేరు సెంటరు వంటి ఆ వాన ఇందులో రాదు. నీళ్ళలో దీపాలు కదలవు. మొదటి రాత్రి అమ్మీ వచ్చి చూసి, కార్డు మారినదని నేను చెప్పేవరకు గుర్తించలేదు. నాకు తెలుస్తూనే వున్నది. పెట్టె మూత తీసి చూస్తే 750 వాట్ల ఎస్.ఎం.పి.ఎస్. పైన ఒక్క ఫ్యానుకు సరిపడే కరెంటుతో ఆ చిన్న కార్డు తిరుగుతూ వుంటుంది.