పదియవ మనిషి

వృద్ధుల పోషణమును గూర్చి మన దేశమున వ్రాసినవారును, ఉపన్యసించినవారును పెక్కుమంది కలరు. తల్లిదండ్రులకు అన్నవస్త్రములు లోపము చేయరాదనియు, రోగము వచ్చినపుడు వైద్యుని రప్పింపవలెననియు, పెద్దలు కనబడినపుడు నమస్కరింపవలెననియు మనకు బాల్యమునుండియు బోధించుచున్నారు. ఈ ధర్మములను కాదనువారు లేరు. కాని యివియన్నియు చక్కగా జరుగుచున్న యిండ్లలో సైతము వృద్ధులు దిగులుతో నుండుట మనము చూచుచున్నాము. కడుపు నిండినది, కట్టుబట్టకు లోటు లేదు, మందు వేళకు అందుచున్నది. అయినను ముఖమున కళ లేదు. ఈ కొఱత యెక్కడిది? దీనిని గూర్చి నేను చాలకాలము ఆలోచించితిని. అట్లాలోచించుచున్న సమయమున యూద వృద్ధుల సంఘజీవితమును దెలుపు కొన్ని సంగతులు నాకు వెలుగు చూపినవి. వానిని చదువరుల ముందుంచుచున్నాను.

యూదుల మతాచారమున ఒక నియమము కలదు. సామూహిక ప్రార్థనలోని కొన్ని ముఖ్యభాగములు జరుగవలెనన్న పదిమంది కూడవలెను. ఈ కూటమికి మిన్యాను అని పేరు. పదుమూడేండ్లు నిండిన బాలుడు మొదలుకొని తొంబదియేండ్ల ముదుసలి వఱకు ఎవరైనను ఆ లెక్కలో సమానులే. తొమ్మండుగురు మహాపండితులు చేరినను, పదియవవాడు రానిదే మృతులను దలచి చదువు కద్దిష్ అను ప్రార్థన సాగదు. కావున ముసలివాడొకడు చేతికఱ్ఱ యూనుకొని ప్రార్థనామందిరపు గడపలో అడుగిడునపుడు, లోపలివారు అతని రాకకై ఎదురుచూచుచుందురు. అతడచ్చట దయకు పాత్రుడైనవాడు గాడు. అక్కఱ తీర్చుటకు వచ్చినవాడు. ఈ రెంటికిని గల భేదమే నేను చెప్పదలచిన విషయము.

ప్రాచీనాచారమున ఈ లెక్క పురుషులకు మాత్రమే పరిమితము. సనాతన శాఖవారు నేటికిని అట్లే పాటించుచున్నారు. సంస్కరణ శాఖవారు స్త్రీలను గూడ లెక్కించుచున్నారు. అమెరికాలోని కన్సర్వేటివ్ శాఖవారి ధర్మనిర్ణయ సంఘము 1973 లో అందులకు అనుమతి నొసగినది. లెక్కలో చేర్చుటయా, మానుటయా అనునది ఎంత పెద్ద వివాదమైనదో దీనినిబట్టి తెలియుచున్నది.

మన వేదాంతులు చెప్పు పదుగురి కథ మీరెఱుగుదురు. ఏఱు దాటిన పదుగురు ఒడ్డున నిలిచి లెక్కించుకొనిరట. ప్రతివాడును తన్ను విడిచి లెక్కించుటచే తొమ్మండుగురే తేలిరి. ఒకడు మునిగిపోయెనని అందఱును గొల్లుమనిరి. బాటసారి యొకడు వచ్చి, ఆ పదియవవాడవు నీవేయని చూపువఱకు వారి యేడుపు మానలేదు. మన యిండ్లలో మొదట ఇతరులు వృద్ధులను విడిచి లెక్కించుచున్నారు. కొంతకాలమునకు వృద్ధులును తమ్ము తాము విడిచి లెక్కించుకొనుట నేర్చుకొనుచున్నారు. ఈ రెండవదే మిక్కిలి దుఃఖకరము.

కొంతకాలము క్రిందట నా చేతికి ఒక ఆంగ్లగ్రంథము వచ్చినది. పేరు 'నంబర్ అవర్ డేస్'. 1978 లో వెలువడినది. వ్రాసినది బార్బరా మైయర్‌హాఫ్ అను మానవశాస్త్రజ్ఞురాలు. ఆమె కాలిఫోర్నియాలోని మెక్సికను సంతతి వృద్ధులను గూర్చి పరిశోధింపదలచి వారియొద్దకు పోగా, మీవారిని విడిచి మమ్మేల పరిశోధింతురని వారడిగిరట. ఆమె యూద స్త్రీ. ఆ ప్రశ్న న్యాయముగ దోచి, లాస్ ఏంజెలీసు నగరమున వెనిస్ అను సముద్రతీరపు పేటలోనున్న యూద వృద్ధుల కేంద్రమునకు పోయి, అచ్చటివారితో కొన్ని సంవత్సరములు మెలగెను. వారి దేహస్థితి తనకు తెలియవలెనని ఆమె చేతులకు బిరుసైన తొడుగులు వేసికొని, చెవులు మూసికొని, కండ్లద్దములు తీసివేసి, బరువైన చెప్పులతో నడచి చూచెనట. మనలో ఎంతమందిమి మన పెద్దల మోకాళ్లతో ఒక్కసారియైన మెట్లెక్కి చూచితిమి?

ఆ కేంద్రపు సభ్యులు ఇంచుమించు ఎనుబది, తొంబది యేండ్లవారు. తూర్పు ఐరోపాలోని చిన్న చిన్న యూద గ్రామములలో పుట్టి, దారిద్ర్యమునకును మతద్వేషపు దాడులకును వెఱచి, బాల్యయౌవనములలోనే ఓడలెక్కి అమెరికా చేరినవారు. కుట్టుపని మొదలగు వృత్తులు చేసి పిల్లలకు పెద్దచదువులు చెప్పించిరి. ఆ పిల్లలు వైద్యులు, న్యాయవాదులు, ఆచార్యులు ఐరి. పిల్లల విజయమే తల్లిదండ్రుల ఒంటరితనమునకు హేతువైనది. వారి లోకము వేఱు, భాష వేఱు, ఊరును వేఱు. విడిచి వచ్చిన గ్రామములు హిట్లరు కాలపు మారణకాండలో నామావశిష్టము లైనవి. కావున వీరు చిన్ననాటి సంగతి యొకటి చెప్పుకొనవలెనన్న, దానినెఱిగినవారు ఆ సముద్రపు టొడ్డున బల్లలపై కూర్చున్న తోడివృద్ధులే. అద్దెగదులలో స్వల్పమైన పింఛనుతో కాలము గడుపుచు, ఆ కేంద్రమునే ఇల్లుగా భావించిరి.

అచ్చట జరుగు కార్యములు చూడ సామాన్యములు. మధ్యాహ్నము తమ ఆచారమునకు తగిన వేడి భోజనము స్వల్పధరకు దొరకును. యిద్దిషు భాషలో చరిత్రపాఠములు, పాటలు, చర్చలు, పండుగలు జరుగును. విశ్రాంతిదినమైన సబ్బాతును శాస్త్రప్రకారము శుక్రవారము సూర్యాస్తమయమునకు ఆరంభింపవలెను. కాని చీకటిపడిన పిదప వృద్ధులు వీధిలో నడచుట అపాయకరమగుటచే, వీరు శుక్రవారము మధ్యాహ్నముననే దీపములు వెలిగించి పండుగ చేసికొనెడివారు. ఆచారము మనుష్యులకొఱకేగాని మనుష్యులు ఆచారముకొఱకు గారని మన సంస్కర్తలు ఎన్ని వ్యాసములలో వ్రాసిరో! ఈ ముదుసలులు వ్రాయక చేసి చూపిరి.

వారిలో జగడములు మెండు. సభ జరిగినపుడెల్ల కేకలు, కోపములు, అలుకలు. మొదట నేను దీనిని చదివి నొచ్చుకొంటిని. గ్రంథకర్త్రి దీనికి చూపిన కారణము యోచింపదగినది. జగడమాడవలెనన్న ఎదుటివాడు వినవలెను, బదులు చెప్పవలెను. తన మాటకు బలముండుటచేతనే కోపము వచ్చును. ఎవరును జగడమాడని వృద్ధుడు శాంతుడని మనము మెచ్చుకొనుచున్నాము. అతడు కేవలము ఎవరికిని పట్టనివాడై యుండవచ్చును. మఱియొక విశేషము. వారు బీదవారయ్యును ధర్మకార్యములకై చిల్లర ప్రోగుచేసి పంపుచుండిరి. పుచ్చుకొనువారుగా మాత్రమే బ్రదుకుట వారికి సమ్మతము గాదు, ఇచ్చువారుగా నుండగోరిరి.

ఆ కేంద్రమునకు పూర్వము అధ్యక్షుడుగా నుండిన యొక పెద్దమనిషి తన తొంబదియైదవ జన్మదినోత్సవ సభలో ఉపన్యసించి, కొలది సేపటికి అచ్చటనే ప్రాణము విడిచెను. రాబోవు సంవత్సరములలో తానున్నను లేకున్నను ఆ యుత్సవము జరుపుటకై ఆయన ముందుగనే సొమ్ము ఏర్పఱచి యుంచెనట. తనవారి నడుమ, తన మాట వినబడిన పిమ్మట కన్నుమూయు భాగ్యము ఎందఱికి లభించును?

మఱియొకరి మరణము ఇట్టిది గాదు. ఎనుబదియాఱేండ్ల వృద్ధురాలిని ఆ తీరపు బాటలో ద్విచక్రమెక్కి వచ్చినవాడొకడు ఢీకొనగా ఆమె మరణించెను. తనకామె కనబడలేదని అతడు చెప్పెను. ఆ మాట వృద్ధుల గుండెలో ములుకువలె నాటినది. వారు ఉత్తుత్తి శవపేటిక నొకదానిని మోసికొని, పలకలు చేతబట్టి, ఆ బాటవెంటనే తమ ప్రార్థనామందిరము వఱకు ఊరేగింపుగా నడచిరి. మేమున్నాము, మమ్ము చూడుడని లోకమునకు చాటుటయే ఆ ఊరేగింపు తాత్పర్యము.

ఈ గ్రంథమును నేను మా మేనత్తకు మధ్యాహ్నములందు తెలుగున చెప్పుచు వచ్చితిని. ఆమెకు ఎనుబదిరెండేండ్లు. తెనాలి ప్రాంతపు గ్రామమున సొంతయింట నున్నది. కుమారులు యోగ్యులు, నెలనెలకు సొమ్ము పంపుదురు, ప్రతిదినము ఫోనులో పలుకరింతురు. ఆ యూద స్త్రీలు చిన్ననాడు తమ అమ్మమ్మలు శుక్రవారపు దీపములు వెలిగించి, కన్నులు మూసికొని ప్రార్థించుట చూచి మతము నేర్చిరనియు, గ్రంథములు చదివిన పురుషులు వార్ధక్యమున తడబడినను ఈ స్త్రీలు వండుట, వడ్డించుట, రోగిని చూచుట అను పనులవలన నిలదొక్కుకొనిరనియు నేను చెప్పినపుడు, ఆమె దీర్ఘముగ నిట్టూర్చి యిట్లనెను: "వాళ్లకింకా వడ్డించే పని ఉందే అమ్మాయీ. నాకు పెట్టేవాళ్లున్నారు. అడిగేవాళ్లు లేరు."

ఏమి అడుగువారని నేను ప్రశ్నించితిని. ఆమె చెప్పినది చిన్న విషయము. ఆ యింటిని అమ్మి ఆమెను హైదరాబాదునకు తీసికొనిపోవలెనని కుమారులు నిశ్చయించిరి. బేరము కుదిరినది. ఈ వార్త ఆమెకు పాలమనిషివలన తెలిసినది. ఇల్లు అమ్ముట మంచిదే కావచ్చును. ఒంటరిగ నుండుట అపాయకరమన్న మాటయు నిజము. ఆమె కాదనునో ఔననునో యెవరికిని తెలియదు. అడిగిన గదా తెలియుట! నేను పెద్దకుమారునకు జాబు వ్రాసితిని. 'బాబూ, అమ్మ సౌఖ్యమును గూర్చి నీవు చేసిన యాలోచనలో లోపము లేదు. ఆలోచించినవారిలో అమ్మ లేకపోవుటయే లోపము' అని మాత్రము వ్రాసితిని. ప్రత్యుత్తర మింకను రాలేదు.

యూదులలోనే మఱియొక ప్రయత్నము కలదు. యెరూషలేములో మిర్యాము మెండిలోవ్ అను ఉపాధ్యాయిని వీధులలో బిచ్చమెత్తు ముదుసలులను తన విద్యార్థులు హేళన చేయుట చూచి ఓర్వజాలక, 1962 లో యద్ లకషీష్ అను సంస్థను స్థాపించెను. వృద్ధునకు చేయూత అని దాని యర్థము. ఆమె వృద్ధులకు బిచ్చము వేయింపలేదు. చిరిగిన పాఠశాల పుస్తకములకు అట్టలు కట్టు పనిని వారిచేత ఆరంభింపజేసెను. ఎవరు తమ్ము ఎగతాళి చేసిరో ఆ బాలుర పుస్తకములే ఆ ముడుతల చేతులలో బాగుపడి తిరిగి వచ్చినవి! నేడచ్చట మట్టిపాత్రలు, పట్టుబట్టలపై చిత్రపుపని, సూదిపని మొదలగునవి జరుగుచున్నవి. పనిచేయువారికి నెలకు కొంత సొమ్ము, మధ్యాహ్న భోజనము లభించును. వారు చేసిన వస్తువులు సంస్థయొక్క అంగడిలోనే అమ్ముదురు. తలనెరసినవారి యెదుట లేచి నిలువవలెనని మోషే ధర్మశాస్త్రము విధించుచున్నది. లేచి నిలుచుట ఒక మర్యాద. పని చేతికిచ్చి దానికి విలువ కట్టుట అంతకు మించిన మర్యాద.

లెక్క తప్పిన సంఘమును చూడవలెనన్న మనము దూరము పోనక్కఱలేదు. కొచ్చిలోని మట్టాంచేరిలో 1568 లో కట్టిన పరదేశి సినగాగు నేటికిని నిలిచియున్నది. 1948 లో ఇజ్రాయేలు రాజ్య మేర్పడిన పిదప అచ్చటి యూదులు కుటుంబములు కుటుంబములుగా తరలిపోయిరి. వేళ్లమీద లెక్కింపదగిన వృద్ధులు మాత్రము మిగిలిరి. పదిమంది పూర్తికావలెనన్న, పరదేశములనుండి చూడవచ్చిన యూద యాత్రికులను పిలుచుకొనవలసి వచ్చినది. దీపములున్నవి, నేలపై చీనా పలకలున్నవి, గ్రంథములున్నవి, మనుష్యులు లేరు. మన స్థితి దీనికి విపరీతము. మన యిండ్లనిండ వృద్ధులు కలరు, పిలుచువారు లేరు.

కావున మనము చేయదగిన పనులు కొన్ని కలవు. ఇంటిలో ఏ నిర్ణయము జరిగినను, అది వారిని గూర్చినదైనచో ముఖ్యముగ, వారి నోటిమాట వినకుండ ముగింపరాదు. మీరు కూర్చుండుడని పనులన్నియు వారి చేతినుండి లాగికొనక, వారు చేయనిచో నిలిచిపోవు పని యొకటియైన వారికి విడువవలెను. ప్రతి యూరను, ప్రతి పేటను వారు కూడుటకు ఒక చోటు కావలెను. ఒకనాడు మన పెద్దలు ఊరూర గ్రంథాలయములు నెలకొల్పిరి. వానిలో మధ్యాహ్నపువేళ ఖాళీగ నుండు గదులు లేకపోలేదు. అచ్చటి కార్యక్రమమును యువకులు ఏర్పఱచి వారిచేత ఆడింపరాదు. వారే ఏర్పఱచుకొనవలెను, కావలెనన్న జగడమును ఆడుకొనవలెను. అందు స్త్రీలకు సమానస్థానముండవలెను. మగవారికి అరుగు, రచ్చబండ మొదటినుండియు కలవు; మన మేనత్తలకును అమ్మమ్మలకును వంటిల్లు దాటిన చోటేది? మైయర్‌హాఫ్ ఆ కేంద్రమున వారముననొకమాఱు సభ్యులచేత వారి జీవితకథలు చెప్పించెడిది. మన పిల్లలును తమ పెద్దల కథలను అట్లే అడిగి వ్రాసికొనవలెను. అడుగువారుండిన చెప్పుటకు వారియొద్ద కావలసినంత కలదు.

మైయర్‌హాఫ్ తాను వృద్ధురాలు కాకుండగనే, నలువదితొమ్మిదవ యేట, 1985 లో పరమపదించెను. ముసలితనము అందఱికిని లభించునది గాదు. లభించినవారు మన నడుమ కూర్చుండియున్నారు. ఈ రాత్రి భోజనమునకు విస్తళ్లు వేయునపుడు లెక్కించునట్లే, రేపు ఆలోచనకు కూర్చుండునపుడును వారిని లెక్కింపుడు.